బ్రాయిలర్ మేతలో వెల్లుల్లి.. లెక్క కుదిరితేనే లాభం

మేతకు తోడే గాని మందు కాదు * మోతాదు, తయారీ, ధర మూడూ చూసుకోవాలి

కురిచేడు: బ్రాయిలర్ కోళ్ల పెంపకంలో అయ్యే ఖర్చులో 65 నుంచి 70 శాతం మేతకే పోతుంది. మేత ఖర్చు కాస్త తగ్గినా, తిన్న మేత మరికొంచెం బాగా ఒంటబట్టినా రైతుకు మిగులు కనిపిస్తుంది. అందుకే మేతలో ఫలానాది కలిపితే కోడి త్వరగా ఎదుగుతుందని, రోగాలు దరిచేరవని ఎవరు చెప్పినా పెంపకందారులు ఆసక్తిగా వింటారు. ఇలా తరచూ వినిపించే పేర్లలో వెల్లుల్లి ఒకటి. తెల్లగడ్డ, ఎల్లిపాయ అని పిలుచుకునే ఈ పాయ ప్రతి వంటింట్లోనూ ఉంటుంది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని సామెత. దాని జాతికే చెందిన వెల్లుల్లి మీద కూడా పల్లెల్లో అంతే గురి ఉంది. పెరటి కోళ్లు నలతగా ఉంటే పాయ నలిపి తినిపించడం పాత అలవాటే. అయితే పెరట్లో పది కోళ్లకు చేసే చిట్కా వేల కోళ్లున్న షెడ్డులో పనికొస్తుందా? పనికొస్తే ఎంత వేయాలి, ఎంత ఖర్చవుతుంది? కురిచేడు, దర్శి మొదలుకొని మార్కాపురం, గిద్దలూరు వరకు కోళ్ల పెంపకాన్ని ఉపాధిగా ఎంచుకున్నవారు తెలుసుకోవలసిన వివరాలివి.

యాంటీబయాటిక్‌లకు ప్రత్యామ్నాయంగా..

వెల్లుల్లి వంటి సహజ పదార్థాల వైపు ప్రపంచమంతా చూడటానికి ప్రధాన కారణం యాంటీబయాటిక్‌ మందులు. కోళ్ల మేతలో ఈ మందులను స్వల్ప మోతాదులో కలిపితే పిల్లలు త్వరగా బరువు పెరుగుతాయని 1950 ప్రాంతంలో గుర్తించారు. అప్పటి నుంచి రోగం ఉన్నా లేకపోయినా ఎదుగుదల కోసం వాటిని కలపడం చాలా దేశాల్లో మామూలైంది. దీని వల్ల మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుకొస్తున్నాయని, చివరకు అవి మనుషుల ప్రాణాల మీదకు తెస్తాయని తేలడంతో ఆంక్షలు మొదలయ్యాయి. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌లు వాడటాన్ని స్వీడన్ 1986లోనే నిషేధించింది. యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపివేసింది. మానవ వైద్యంలో ముఖ్యమైన మందులను ఎదుగుదల కోసం వాడటానికి 2017 నుంచి అమెరికాలోనూ వీలు లేకుండా పోయింది.

మన దేశంలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 2014లో ఢిల్లీ పరిసరాల నుంచి 70 కోడిమాంసం నమూనాలు సేకరించి పరీక్షించగా, వాటిలో 40 శాతం నమూనాల్లో యాంటీబయాటిక్‌ అవశేషాలు బయటపడ్డాయి. మనుషుల్లో తీవ్ర ఇన్‌ఫెక్షన్లకు ఆఖరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్ మందును కోళ్లు, పశువులు, చేపలకు వాడరాదని 2019 జులైలో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. మందు ఆపితే ఆ లోటును దేనితో పూడ్చాలన్న ప్రశ్నకు సమాధానంగా పసుపు, వాము, మేలు చేసే బ్యాక్టీరియా, సేంద్రియ ఆమ్లాలతో పాటు వెల్లుల్లి మీదా ప్రయోగాలు ఊపందుకున్నాయి.

పాయ నలిగితేనే ఘాటు

నలగని వెల్లుల్లి పాయకు పెద్దగా వాసన ఉండదు. దాని కణాల్లో అల్లీన్ అనే గంధక పదార్థం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైము మరొకచోట వేరువేరుగా ఉంటాయి. పాయను కోసినా, దంచినా రెండూ కలిసి క్షణాల్లో అల్లిసిన్ తయారవుతుంది. ముక్కుకు తగిలే ఆ ఘాటు దీనిదే. 1944లో కావల్లిటో, బెయిలీ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి, సూక్ష్మజీవులను అణచే గుణం దీనికి ఉందని నిరూపించారు. పేగుల్లో చేటు చేసే ఇ.కోలి, సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియాపై ప్రయోగశాలలో ఇది బాగానే పనిచేస్తుంది.

అయితే అల్లిసిన్ నిలకడ లేనిది. తయారైన కొద్ది గంటల్లోనే విడిపోతూ వేరే గంధక పదార్థాలుగా మారిపోతుంది. దాన్ని పుట్టించే ఎంజైము కూడా వేడికి చచ్చిపోతుంది. ఉడికించిన వెల్లుల్లికి ఘాటు తగ్గడానికి కారణమిదే. మేత తయారీలో ఈ విషయాన్ని మరువరాదు. ఆవిరి పట్టి గుళికలుగా చేసే పెల్లెట్ మేతకు 75 డిగ్రీలకు పైగా వేడి తగులుతుంది. అందులో కలిపిన వెల్లుల్లి సత్తువ చాలావరకు తగ్గిపోతుంది. పిండి రూపంలో ఉండే మేతలో అయితే ఈ ఇబ్బంది ఉండదు.

ప్రయోగాలు చెబుతున్నదేమిటి?

కోళ్లపై వెల్లుల్లి ప్రభావం గురించి వచ్చిన ఫలితాల్లో ఎక్కువ స్పష్టత కనిపించేది కొలెస్టరాల్ విషయంలోనే. వెల్లుల్లి సారం కోడి కాలేయంలో కొవ్వు తయారీని తగ్గిస్తుందని 1983లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. జార్జియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించిన అధ్యయనంలో బ్రాయిలర్ మేతలో ఒకటిన్నర శాతం, 3 శాతం, నాలుగున్నర శాతం చొప్పున వెల్లుల్లి పొడి కలిపి చూశారు. రక్తంలోనూ, రొమ్ము, తొడ మాంసంలోనూ కొలెస్టరాల్ చెప్పుకోదగినంత తగ్గింది.

బరువు పెరుగుదల, మేత వినియోగం విషయంలో మాత్రం ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కొన్ని ప్రయోగాల్లో వెల్లుల్లి తిన్న కోళ్లు అదే బరువుకు కాస్త తక్కువ మేత తిన్నాయి. మరికొన్నింటిలో ఏ తేడా కనిపించలేదు. మోతాదు బాగా పెంచినప్పుడు ఘాటుకు కోళ్లు మేత తగ్గించే అవకాశమూ ఉంది. ఈ తేడాలకు కారణాలు లేకపోలేదు. వెల్లుల్లి రకాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి, నిల్వ ఉంచిన కాలాన్ని బట్టి అందులోని అసలు పదార్థం మారిపోతుంది. పైగా పరిశుభ్రంగా ఉన్న ప్రయోగశాల షెడ్డులో కోళ్లకు ఎలాగూ రోగాల ఒత్తిడి తక్కువ. అక్కడ ఏ సహజ పదార్థం వేసినా అదనపు మేలు కనిపించడం కష్టం. మొత్తం మీద వెల్లుల్లి కొంత తోడ్పడవచ్చునే గాని, వేయగానే బరువు పెంచే మంత్రమని చెప్పడానికి ఆధారాలు లేవు.

మోతాదు ఎంత?

ఎదుగుదల కోసం జరిగిన ప్రయోగాల్లో ఎక్కువగా అర శాతం నుంచి ఒక శాతం వరకు ఎండు పొడి వాడారు. అంటే టన్ను మేతకు 5 నుంచి 10 కిలోలు. పచ్చి వెల్లుల్లిలో మూడింట రెండు వంతుల వరకు నీరే ఉంటుంది కాబట్టి కిలో పొడికి సుమారు 3 కిలోల పాయలు పడతాయి. కొత్తగా మొదలుపెట్టేవారు అర శాతం దాటకుండా ఉండటం మంచిది. వెల్లుల్లి, ఉల్లి అతిగా తింటే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయని కుక్కలు, పిల్లులు, పశువుల్లో రుజువైంది. సహజమైనది గనుక ఎంత వేసినా పరవాలేదనుకోవడం పొరపాటు.

తయారీలో జాగ్రత్తలు

* బూజు పట్టిన, కుళ్లిన పాయలను తక్కువ ధరకు వస్తున్నాయని కొనరాదు. బూజు నుంచి వచ్చే విషాలు కోడిపిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పాయ చిన్నదైనా, రంగు మాసినా ఇబ్బంది లేదు గాని గట్టిగా, పొడిగా ఉండాలి.

* పొట్టు తీసి పలుచని ముక్కలుగా కోసి నీడలో గాలికి ఆరబెట్టాలి. డ్రయ్యరు వాడితే వేడి 50 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. ముక్క వంచితే పుటుక్కున విరిగేంతగా ఆరిన తరువాతే పొడి కొట్టించాలి.

* పొడిని గాలి చొరని డబ్బాల్లో నిల్వ చేయాలి. ఏ బ్యాచ్‌కు కావలసింది ఆ బ్యాచ్‌కే తయారు చేసుకుంటే సత్తువ నిలుస్తుంది.

* పొడిని నేరుగా టన్ను మేతలో చల్లితే ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ అవుతుంది. ముందుగా కిలో పొడిని 10 కిలోల మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, ఆ మిశ్రమాన్ని మొత్తం మేతలో కలపాలి.

* పచ్చి ముద్దగా వాడదలిస్తే దంచి పది నిమిషాలు ఉంచి, ఆ పూటకు సరిపోయే మేతలోనే కలపాలి. తడిసిన మేత మిగిలితే మరుసటి పూటకు దాచకుండా తీసివేయాలి.

* రసాన్ని నీటిలో కలిపితే పిప్పి చేరి నిపుల్ గొట్టాలు మూసుకుపోతాయి. తాగునీటిలో టీకా ఇచ్చే రోజున వెల్లుల్లి రసమే కాదు, మరే మందూ కలపరాదు.

* మోతాదు పెరిగితే మాంసానికి వాసన పట్టవచ్చు. అమ్మకానికి నాలుగైదు రోజుల ముందు నుంచి ఆపివేయడం మేలు.

ఖర్చు లెక్క ఇదీ

రైతు నిర్ణయం ఆధారపడవలసింది ఈ లెక్క మీదే. వెయ్యి కోళ్ల బ్యాచ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కో కోడి 2 కిలోల బరువు వచ్చేసరికి బ్యాచ్ మొత్తం 3,600 కిలోల మేత తిన్నదనుకుంటే మేత మార్పిడి నిష్పత్తి (ఎఫ్‌సీఆర్) 1.8 అవుతుంది. వెల్లుల్లి కలిపినందువల్ల అది 1.75కు తగ్గిందనుకుందాం. 100 కిలోల మేత ఆదా అయినట్లు. కిలో మేత 40 రూపాయలైతే మిగిలేది 4 వేల రూపాయలు.

ఇక ఖర్చు చూద్దాం. 3,500 కిలోల మేతకు అర శాతం చొప్పున పదిహేడున్నర కిలోల పొడి కావాలి. దానికి 52 కిలోల పచ్చి వెల్లుల్లి పడుతుంది. కిలో 50 రూపాయలకు దొరికితే 2,600 రూపాయలవుతుంది. అప్పుడు 1,400 రూపాయలు మిగులు. అదే కిలో 100 రూపాయలైతే 5,200 రూపాయలు ఖర్చయి 1,200 రూపాయలు నష్టం. పొట్టు తీయడం, ఆరబెట్టడం, పొడి కొట్టించడానికి అయ్యే కూలి దీనికి అదనం. కూలి కలపకుండా చూసినా వెల్లుల్లి కిలో 77 రూపాయలకు మించితే ఈ ఉదాహరణలో రైతుకు గిట్టదు. పైగా ఇదంతా ఫలితం కచ్చితంగా వచ్చినట్లు అనుకుని వేసిన లెక్క.

వెల్లుల్లి ధర నిలకడగా ఉండేది కాదు. 2022లో మధ్యప్రదేశ్‌లో ధర పడిపోయి రైతులు పంటను పారబోసిన సంఘటనలు జరిగాయి. 2024లో అదే వెల్లుల్లి చిల్లర మార్కెట్లో కిలో 400 రూపాయల వరకు పలికింది. దేశంలో ఈ పంట ప్రధానంగా మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో పండుతుంది. పశ్చిమ ప్రకాశం రైతు బయటి నుంచి వచ్చిన సరుకునే కొనవలసి ఉంటుంది గనుక రవాణా ఖర్చు కూడా మీద పడుతుంది. ఒక బ్యాచ్‌లో లాభం కనిపించిందని మరుసటి బ్యాచ్‌లోనూ అదే వస్తుందని నమ్మడానికి వీల్లేదు. బ్యాచ్ దింపే ముందు ప్రతిసారీ అప్పటి ధరతో లెక్క వేసుకోవాలి.

ధర ఎక్కువగా ఉన్నప్పుడు మొదటి రెండు వారాలకే పరిమితం చేసుకోవచ్చు. ఆ వయసులో ఒక్కో పిల్ల తినేది మొత్తం అర కిలో మేతే. అర శాతం చొప్పున వెయ్యి పిల్లలకు రెండున్నర కిలోల పొడి, అంటే ఏడున్నర కిలోల వెల్లుల్లి సరిపోతుంది. కిలో 100 రూపాయలైనా 750 రూపాయలతో పని జరుగుతుంది. అయితే ఆ కొద్ది రోజుల వాడకంతో ఎంత మేలు జరిగిందో తూకం వేసి తేల్చుకోవలసిందే.

కొవ్వు తక్కువ కోడి అని అమ్మవచ్చా?

వెల్లుల్లి తిన్న కోడి మాంసంలో కొలెస్టరాల్ తక్కువని ప్రచారం చేసి ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చన్న ఆలోచన కొందరికి వస్తుంది. జార్జియా ప్రయోగంలోని 3 శాతం మోతాదును మన లెక్కలోకి తెస్తే టన్ను మేతకు 30 కిలోల పొడి, అంటే 90 కిలోల వెల్లుల్లి కావాలి. కిలో 100 రూపాయల చొప్పున టన్నుకు 9 వేల రూపాయలు అదనం. టన్ను మేత 40 వేల రూపాయలున్నచోట ఈ భారాన్ని మామూలు మార్కెట్ ధర మోయలేదు. అర శాతం వేసి కొవ్వు తక్కువ మాంసమని చెప్పుకోవడం కొనుగోలుదారును మోసగించడమే అవుతుంది.

కాంట్రాక్టు రైతు తొందరపడరాదు

నేడు బ్రాయిలర్ పెంపకంలో అధిక భాగం ఇంటిగ్రేషన్ పద్ధతిలోనే సాగుతోంది. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీరు, కూలి రైతువి. కోళ్లు ఎత్తిన తరువాత కిలోకు ఇంత అని పెంపకం ఛార్జీ చెల్లిస్తారు. ఈ పద్ధతిలో ఉన్న రైతు కంపెనీ అనుమతి లేకుండా మేతలో ఏది కలిపినా ఒప్పందాన్ని మీరినట్లవుతుంది. కోళ్లు చనిపోయినా, బరువు రాకపోయినా నింద రైతు మీదకు వస్తుంది, ఛార్జీలో కోత పడే ప్రమాదమూ ఉంటుంది. పైగా వెల్లుల్లి ఖర్చు రైతుదైతే, ఆదా అయిన మేత కంపెనీది. ఎఫ్‌సీఆర్ తగ్గితే ప్రోత్సాహకం ఇచ్చే ఒప్పందమైతేనే అందులో రైతుకు వాటా దక్కుతుంది. కాబట్టి ముందుగా ఒప్పంద పత్రం చదువుకుని, కంపెనీ సూపర్‌వైజరుతో మాట్లాడి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్న తరువాతే ఏ ప్రయత్నమైనా చేయాలి. సొంతంగా పిల్లలు, మేత కొని పెంచేవారికి, పెరటి కోళ్లు పెంచే మహిళలకు ఈ చిక్కు లేదు.

టీకాకు బదులు కాదు

కొక్కెర తెగులు, గంబోరో వైరస్‌ల వల్ల వచ్చేవి. వాటిని ఆపగలిగేది సకాలంలో వేసిన టీకా ఒక్కటే. మొదటి వారంలో కొక్కెర తెగులుకు, రెండో వారంలో గంబోరోకు, ఆ పైన కొక్కెర తెగులుకు మరోసారి టీకా వేయడం సాధారణ పద్ధతి. వెల్లుల్లి పెడుతున్నామని వీటిలో ఏ ఒక్కటి తప్పించినా షెడ్డు ఖాళీ అవుతుంది. రక్త పారుడు వ్యాధి వచ్చినప్పుడు కూడా పశువైద్యుడి చేత పరీక్ష చేయించి మందు వాడాలే తప్ప వెల్లుల్లి మోతాదు పెంచుతూ కూర్చోరాదు. వరి ఊక తడవకుండా చూసుకుంటే ఆ వ్యాధి సగం అదుపులో ఉంటుంది.

బర్డ్‌ఫ్లూ విషయంలో మరీ అప్రమత్తంగా ఉండాలి. పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాలో 2024 ఫిబ్రవరిలో, గోదావరి జిల్లాల్లో 2025 ఫిబ్రవరిలో ఈ వ్యాధి నిర్ధారణ అయింది. ఇంటి వైద్యమేదీ దీన్ని ఆపలేదు. కోళ్లు ఒక్కసారిగా గుంపులుగా చనిపోతుంటే చిట్కాలు మాని వెంటనే పశుసంవర్థక శాఖకు తెలియజేయాలి. చనిపోయిన కోళ్లను వాగుల్లో, కాలువల్లో పారవేయరాదు.

ఎండలు, నీరు.. ఈ ప్రాంతానికి ముఖ్యం

సముద్రపు గాలి చేరని పశ్చిమ ప్రకాశంలో వేసవి ఎండలు ఠారెత్తిస్తాయి. కోడికి చెమట గ్రంథులు లేవు. రొప్పుతూ వేడిని బయటకు పంపుతుంది. ఆ సమయంలో అది మేత బాగా తగ్గిస్తుంది. అప్పుడు ఘాటైన వెల్లుల్లి కలిపితే మరింత తగ్గించే అవకాశం ఉన్నందున నడి వేసవిలో కొత్త ప్రయోగాలు పెట్టుకోకపోవడం ఉత్తమం. అదే డబ్బును కప్పుకు సున్నం వేయడానికి, పక్కలకు గోనెపట్టాలు కట్టి తడపడానికి, ఫాగర్లకు ఖర్చు చేస్తే ఫలితం కళ్లముందు కనిపిస్తుంది. మధ్యాహ్నం మేత ఆపి, తెల్లవారుజామున, రాత్రి చల్లబడిన తరువాత పెట్టాలి. చల్లని నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఈ ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ. కోడి తినే మేత కంటే తాగే నీరు దాదాపు రెట్టింపు. నీరు బాగాలేనప్పుడు మేతలో ఎంత మంచి పదార్థం కలిపినా వృథా. ఏడాదికి ఒకసారైనా నీటిని పరీక్ష చేయించుకోవడం ఏ అనుబంధ మేత కంటే ముందు చేయవలసిన పని.

ముందు షెడ్డులో ఓ మూల పరీక్షించాలి

ఎవరో చెప్పారని షెడ్డు మొత్తానికీ ఒకేసారి వెల్లుల్లి పెట్టకుండా, చిన్న పరీక్షతో మొదలుపెట్టడం మంచిది. ఒకే రోజు వచ్చిన పిల్లల్లో రెండు వందలను విడదీసి, వల కట్టి నూరేసి చొప్పున రెండు గదుల్లో ఉంచాలి. స్థలం, నీరు, గాలి, మేత రెండింటికీ ఒక్కలాగే ఉండాలి. ఒక గదిలోని మేతలో మాత్రమే అర శాతం పొడి కలపాలి. రోజూ పెట్టిన మేత, మిగిలిన మేత తూచి రాసుకోవాలి. వారానికొకసారి రెండు గదుల్లోని కోళ్లను తూకం వేయాలి. చనిపోయినవాటిని తేదీతో నమోదు చేయాలి. చివరకు మొత్తం మేతను మొత్తం బరువుతో భాగిస్తే ఏ గదిది ఎంత ఎఫ్‌సీఆరో తెలుస్తుంది. ఒక్కసారి వచ్చిన తేడా యాదృచ్ఛికం కావచ్చు గనుక, వర్షాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేసి రెండింటిలోనూ మేలు కనిపిస్తేనే షెడ్డు మొత్తానికి విస్తరించాలి.

పరీక్ష ఎలా చేయాలి, లెక్క ఎలా వేయాలి అన్న సందేహాలుంటే దర్శిలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని, దగ్గరలోని పశువైద్యశాలను సంప్రదించవచ్చు. మేత శాస్త్రానికి సంబంధించిన వివరాలు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం నుంచి తెలుసుకోవచ్చు. టీకాలు, పరిశుభ్రత, మంచి నీరు, గాలి ఆడే షెడ్డు కుదిరిన తరువాతే వెల్లుల్లి గురించి ఆలోచించాలి. ఆ నాలుగూ ఉన్న రైతుకు, ధర అనుకూలించినప్పుడు, అది కిలోకు కొద్ది పైసల నుంచి ఒక రూపాయి లోపు కలిసివచ్చే తోడు కావచ్చు. అవి లేనిచోట వెల్లుల్లికి పెట్టిన డబ్బు తిరిగి రాదు.